మాస్టర్ ప్లాన్‌లోని పసుపుపచ్చ గారికి

మహారాజశ్రీ పసుపుపచ్చ గారి సముఖమునకు,

బెంగళూరు తూర్పు తాలూకా, బిదరహళ్లి హోబళి, పాత మద్రాసు రోడ్డు దిగి లోపలికి వస్తే తగిలే ఒక ఊరి నుంచి మీ విధేయుడు చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమూ, మా ఆవులూ, మా అప్పులూ క్షేమం. తమరు నానాటికీ వ్యాపిస్తున్నారని సైట్ల బ్రోకర్ల ద్వారా విని సంతోషించాము.

తమరిని ఎరగనివాళ్లం కాదు. గడపకు పూసేది మిమ్మల్నే. శుభలేఖ నాలుగు మూలలా అద్దేది మిమ్మల్నే. జాతరలో వేపమండ ముంచి అందరి మీదా చల్లేదీ మిమ్మల్నే. కానీ ఏ నేల దేనికో రంగులతో చెప్పే మాస్టర్ ప్లాన్ పటంలో మీకు ఇంకో ఉద్యోగం ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది. అక్కడ మీరంటే ఇళ్ల జోన్. మీరు పడినచోట ఎకరం కోట్లు పలుకుతుంది, పడనిచోట అనపకాయలు కాస్తాయి.

ఒక్క మాట ముందే మనవి చేయాలి. మా తెలుగులో మీకూ, చేలకు వేసే రంగుకూ ఇంటిపేరు ఒకటే. మీరు పసుపుపచ్చ, ఆమె ఆకుపచ్చ. ఇద్దరూ పచ్చలే. ఈ చుట్టరికం వల్ల మా అవ్వకు జరిగిన మోసం గురించే ఈ ఉత్తరం. మోసం అనకూడదేమో, ఎవరూ అబద్ధమైతే ఆడలేదు.

2017 నవంబరులో 2031 మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టి, అభ్యంతరాలుంటే రెండు నెలల్లో చెప్పమన్నారు. పటం నగరంలో ఆఫీసులో ఉంది, ఇంటర్నెట్లో ఉంది. మా రచ్చకట్ట దగ్గర మాత్రం లేదు. ఆ లోటు తీర్చినవాడు ఒక బ్రోకరు, వరసకు నాకు తమ్ముడే. సొంత ఖర్చుతో ఫ్లెక్సీ కొట్టించి రావిచెట్టుకు కట్టాడు. మూలన వాడి ఫోను నంబరు. ప్రజాభిప్రాయ సేకరణకని మా ఊళ్లో అంత పాటుపడినవాణ్ని ఇంతవరకూ ఇంకొకణ్ని చూడలేదు.

ఆ ఫ్లెక్సీలో మా ఊరు చిటికెనవేలి గోరంత. చెరువు అంతకంటే కాస్త పెద్దది. అవ్వ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. ఆకువక్క వేసుకుంటూ లేచి వచ్చిందేమో, వేలికి సున్నం అలాగే ఉంది. ఆ వేలే పటం మీద పెట్టి, "మన చేను యాడుందిరా?" అంది. వాడు చూపించాడు.

"పచ్చగా ఉందా?"

"లేకేమవ్వా, నిగనిగలాడతా ఉంది."

అవ్వ ఇంటికొచ్చి ఆ పూట ఇంకో సగం ముద్ద ఎక్కువ తినింది. వాడు చెప్పింది అక్షరాలా నిజం. కన్నడంలో అడిగుంటే హసిరో, హళదియో అక్కడే తేలిపోయేది. అవ్వకు కన్నడం రాక కాదు. సొంత మనవడి దగ్గర కన్నడం ఎందుకని.

తరవాతి కథ తమరికి తెలిసిందే. 2020లో ఆ ముసాయిదాను సర్కారే వెనక్కి తీసుకుంది. నగరానికి ఇప్పటికీ 2007లో ఆమోదించిన 2015 ప్లానే గతి. గడువు తీరి పదేళ్లయిన పంచాంగం చూసి ముహూర్తం పెట్టే అయ్యవారిని మేమైతే ఊళ్లోకి రానివ్వం. ఆ పాత పంచాంగం ప్రకారం మా చేలు ఇంకా ఆకుపచ్చే. అంటే తమరు కాగితం మీద వచ్చారు, కాగితం మీదే వెళ్లిపోయారు. మీ పేరు చెప్పుకుని వచ్చిన ఇళ్లు మాత్రం వెళ్లలేదు.

వాటిని రెవెన్యూ సైట్లంటారు, అంటే అనుమతి లేకుండా చేలను ముక్కలు చేసి అమ్మినవి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 1,089 చదరపు అడుగులు. ముప్పై నలభై సైటుకు 1,200 కావాలి. గుంటకొక సైటు లెక్కన అమ్మేశాక తగ్గే ఆ 111 అడుగులు ఎక్కణ్నించి వస్తాయి? రోడ్డులోంచి వస్తాయి. అందుకే మా లేఅవుట్లలో రోడ్డు ఆర్చి దగ్గర ముప్పై అడుగులు, మధ్యలో ఇరవై, చివరికి ఆవు వెనక్కి తిరగలేనంత. నీళ్ల ట్యాంకరు లోపలికి ముందుకు పోతుంది, బయటికి రివర్సులో వస్తుంది. డ్రైవరు అద్దం చూడడు. వెనకాల నిలబడి "రానీ, రానీ, ఆ... చాల్" అనే మా పెద్దోడి గొంతు వింటాడు. ఒకరోజు వాడు ఫోనెత్తి ఎవరితోనో "రానీ" అన్నాడు. ఒక కాంపౌండు గోడా, రెండు తులసికోటలూ పోయాయి.

ట్యాంకరు ఎందుకంటారా? నగరంలో కలిపిన 110 గ్రామాలకని కావేరి అయిదో దశ తెచ్చారు. రోజుకు 77.5 కోట్ల లీటర్లు, 2024 అక్టోబరులో ప్రారంభం. మంచి పని. ఆ 110లో మేం లేం. మాది ఇంకా పంచాయతీ. ఇళ్లు చూస్తే నగరం, నీళ్లు చూస్తే పల్లె.

లేఅవుటంటే పార్కుకు 10 శాతం, పౌర సౌకర్యాలకు 5 శాతం వదలాలట. మా పార్కు బ్రోచరులో పచ్చగా ఉంటుంది, ఈసారి నిజంగా ఆకుపచ్చగానే. నేల మీదికి వచ్చి చూస్తే అక్కడ ట్రాన్స్‌ఫార్మరుంది, దాని కంచెకు ఎవరివో లుంగీలు ఆరేసి ఉంటాయి. కాగితాలకూ కొదవ లేదు. పంచాయతీ ఇచ్చే ఈ-స్వత్తు అనే ఆస్తి పత్రాల్లో సక్రమమైనవాటికి 11-ఎ, కానివాటికి 11-బి. మా వాళ్లందరిదీ 11-బి. ఇల్లుందని ఒప్పుకుంటాం, ఉండొచ్చని మాత్రం అనం అని దాని తాత్పర్యం.

మా అభిప్రాయాలు ఎవరూ అడగలేదు కనక నేనే పోగుచేసి పంపుతున్నాను, చిత్తగించండి. మేకలాయన: "ఇళ్లు రావద్దంటే మన పిల్లోళ్లు యాడుంటారప్పా? వస్తే రానీ. చెరువు తూము కింద కట్టొద్దని చెప్పు, అంతే." మా అన్న కొడుకు, ఇరవై నాలుగేళ్లవాడు, బండి మీద ఇంటింటికీ భోజనాలు చేరవేస్తాడు: "మనం ఆకుపచ్చగా ఉంటే ఏమొస్తుంది చిన్నాయనా? చల్లగాలి వాళ్లకి, రాగులు మనకి." వాడికి నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను.

అపార్టుమెంటులో గుంటూరు నుంచి వచ్చిన ఒకావిడ ఉన్నారు. పాలకు వచ్చినప్పుడు, "మీ తెలుగు భలేగా ఉందండీ, ఎప్పుడొచ్చారు బెంగళూరుకి?" అని అడిగారు. మేమెక్కడికీ రాలేదమ్మా, అదే మా కొట్టం దాకా వచ్చిందన్నాను. పేడ వాసనని ఆవిడ ఫిర్యాదు, గుడి మైకని వాళ్లాయన ఫిర్యాదు. ముందు కోపమొచ్చింది. ఒకరోజు ఆవిడే బ్రోచరు తెచ్చి చూపించారు. అందులో మా కొట్టం ఉన్నచోట అరవై అడుగుల రోడ్డుంది. ఇరవై ఏళ్ల లోను తీసుకుని కొన్నది ఆ రోడ్డును చూసే. ఇక ఎవరి మీద కోపగించుకోను?

ఇక జాతర సంగతి. ఊరి నుంచి మారెమ్మ గుడికి బండిదారి ఉంది. ఉంది అంటే ఊరి పాత పటంలో, నకాశెలో ఉంది, చుక్కల గీతగా. నేల మీద దాన్ని ఒక పెద్ద కాంపౌండు మింగేసింది. కిందటేడు ఆడవాళ్లు పిండితో చేసిన తంబిట్టు దీపాలు నెత్తిన పెట్టుకుని, ముందు అమ్మవారి బండి, తప్పెట్లు, అందరం వెళ్లి గేటు ముందు నిలబడ్డాం. సెక్యూరిటీ పిల్లవాడు ఒడిశావాడు, పాపం చెప్పులు విప్పి దండం పెట్టాడు. పెట్టి, యాప్‌లో ఎంట్రీ పడితే గానీ గేటు ఎత్తలేనన్నాడు. ఏ ఫ్లాటుకు వచ్చారు? ఏ ఫ్లాటుకూ కాదు. అతిథా, పనిమనిషా, క్యాబా, డెలివరీయా? అందులో దేవత అనే గడి లేదు. దీపాలు కొండెక్కుతున్నాయి, ఆడవాళ్లు చేత్తో గాలి కాస్తున్నారు. చివరికి గుంటూరావిడ బాల్కనీలోంచి చూసి ఫోనులో ఒప్పుకున్నారు. మారెమ్మ ఆవిడ ఫ్లాటు పేరున డెలివరీగా లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు పిల్లవాడు బయటికి వెళ్లినట్టు నమోదు చేయడం మరిచాడు. రికార్డు ప్రకారం అమ్మవారు ఇంకా ఆవిడ ఇంట్లోనే ఉంది. ఆవిడ అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం దీపం పెడుతున్నారు.

తమరి తోటి రంగుల సంగతి టూకీగా. నీలం గారు వాననీళ్లు పారే రాజకాలువలకు కాపలా. 2015 ప్లానులో పెద్ద కాలువకు 50 మీటర్లు, మధ్య కాలువకు 25, పిల్లకాలువకు 15, చెరువుకు 30 మీటర్లు వదలమన్నారు. 2016లో హరిత ట్రిబ్యునల్ చెరువుకు 75 అంది. 2019లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. మా కాలువ కోర్టుకెక్కలేదు. వానొచ్చిన రాత్రి తనకు తెలిసిన వెడల్పులో వచ్చి, కొత్త ఇళ్ల వంటగదులు చూసి పోయింది.

రోడ్డు రంగు ఇంకా ఘనమైనది. పెరిఫెరల్ రింగ్ రోడ్డని పేరు, నగరానికి ఒక పక్కగా అర్ధవలయంలా 73 కిలోమీటర్లు. 2005లో నోటిఫికేషన్ ఇచ్చారు. మా బావమరిది రెండెకరాలు ఆ గీతలో పడ్డాయి. అప్పటినుంచి అమ్మడానికి లేదు, కట్టడానికి లేదు, బ్యాంకు అప్పివ్వదు. రోడ్డు రాలేదు గానీ దానికి కొత్త పేరు వచ్చింది, ఇప్పుడు బిజినెస్ కారిడార్ అంటున్నారు. ఆ కారిడార్లో ఆయన ఏటా రాగులు చల్లుతున్నాడు.

పక్క ఊరు మండూరుకు నగరం చెత్తంతా తెచ్చి పోసినప్పుడు దానికి ఏ రంగు వేశారో నాకు తెలియదు. 2014లో అక్కడివాళ్లు లారీలకు అడ్డం కూర్చుంటే, ఆ డిసెంబరు నుంచి పోయడం ఆగింది. మా హోబళిలో అభ్యంతరం చెప్పి పని జరిపించుకున్నది నేనెరిగి అదొక్కసారే. అది కూడా ఏ ఫారమూ నింపకుండా.

మా మేనల్లుడు ఇంగ్లండులో ఒక పల్లెలో అద్దెకుంటాడు. అక్కడ 2011 చట్టం కింద ఊరే తన ప్లాను రాసుకుంటుందట. ఒక పరీక్షాధికారి చూస్తాడు, తరవాత ఊరంతా ఓటు వేస్తుంది. వేసినవాళ్లలో సగానికి మించి అవునంటే ఆ ప్లానుకు చట్టబలం. అయితే పైవాళ్లు నిర్ణయించినదానికంటే తక్కువ ఇళ్లు మాత్రం రాసుకోకూడదు. ఎన్ని అన్నది పైవాళ్లిష్టం, ఎక్కడ, ఎలా అన్నది ఊరి ఇష్టం అన్నమాట. అక్కడా జనం సణుగుతారట, టీ తాగుతూ సణుగుతారట. మాకు అలాంటివి లేవా అంటే అదీ కాదు. ఆరు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలని చట్టముంది. మహానగర ప్రణాళిక కమిటీలో మూడింట రెండు వంతుల మంది నగర, గ్రామ ప్రజాప్రతినిధుల నుంచి ఎన్నికైనవాళ్లు ఉండాలని రాజ్యాంగంలోనే రాసుంది. మా గ్రామసభలో ఎజెండా ఎప్పుడూ వీధిదీపాలే. మాస్టర్ ప్లాన్ అన్న మాట నేను మొదట విన్నది ఆ ఫ్లెక్సీ కింద.

ఇంత రాశాక దాచకూడదు. పన్నెండు గుంటలు నేనూ అమ్మాను. మీ పేరు చెప్పే అమ్మాను. ఫ్లెక్సీ కట్టిన ఆ తమ్ముడికే ఇచ్చాను. పిల్ల పెళ్లికి సగం, కొట్టానికి కొత్త రేకులకు సగం. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి వస్తూ ఫిల్టర్ కాఫీ తాగాం, బిల్లు వాడే కట్టాడు. అందుకని తమరిని నిందించే మొహం నాకు లేదు. మా తాలూకా తెలుగువాళ్లలో చాలామందికి లేదు. కానీ తమరు ఈసారి 2041 అనో మరొకటనో పేరు పెట్టుకుని వచ్చేటప్పుడు, ముందుగా ఒక మనిషిని పంపండి. పటం తేనక్కర్లేదు. బండిదారి వెంట మారెమ్మ గుడి దాకా, గుడి నుంచి తూము దాకా నడిస్తే చాలు. మజ్జిగ మేమిస్తాం.

ఆ ఫ్లెక్సీ ఇప్పుడు మా కొట్టం వెనక గడ్డివామి మీద ఉంది. పోయిన వానాకాలం కప్పాం, పటం వైపు పైకి వచ్చేలా. ఎండకు తమరూ, ఆకుపచ్చా ఇద్దరూ వెలిసిపోయి ఒకటే రంగయ్యారు. ఏది ఎవరో చెప్పలేం. మొన్న అవ్వ అక్కడ కూర్చుని, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇందులో మన చేను యాడుందిరా?" అంది. నాకూ దొరకలేదు. ఆవిడ పెట్టిన సున్నం మచ్చ కనిపిస్తే, అక్కడే అవ్వా అన్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
11-బి కాగితంలో ఉన్నవాడు