మొదటి ఏడాది అయిదేళ్లు ఉండాలి

బయోమెడికల్ పరిశోధనలో పీహెచ్‌డీకి చేరిన పిల్లలు మొదటి ఏడాది గురించి తెగ గొణుగుతున్నారని నా చెవిన పడింది. క్లాసులు, శిక్షణలు, పరీక్షలు, సంతకాలు అయ్యేసరికి ఏడాది కాస్తా గడిచిపోతోందట, పరిశోధన మాత్రం మొదలు కావడం లేదట. ఆ ఏడాది పెట్టిందే అందుకని వీళ్లకింకా తెలియకపోవడం విచారకరం. క్యాన్సర్ అంతు చూస్తానని ఆవేశంగా వచ్చిన కుర్రాణ్ని తీసుకెళ్లి నేరుగా మైక్రోస్కోపు ముందు కూర్చోబెడితే ఏమవుతుంది? ఏదైనా కనిపెట్టినా కనిపెట్టేస్తాడు. అప్పుడు ఫారాలు ఎవరు నింపుతారు?

ముందు ఆన్‌లైన్ శిక్షణల సంగతి చూద్దాం. రసాయనాల భద్రత, జీవభద్రత, రక్తం నమూనాలతో జాగ్రత్తలు, అగ్నిప్రమాదాలు, ఎలుకలతో మెలగడం, మనుషుల మీద పరిశోధన, డేటా గోప్యత, జన్మలో ముట్టుకోకపోయినా రేడియేషన్. ఒక్కోదానికి ఒక వీడియో, వీడియో చివర ఒక క్విజ్. వీడియోని ముందుకు జరపనివ్వరు, పెట్టినవాళ్లు తెలివైనవాళ్లు. పక్క ట్యాబ్‌లోకి వెళ్తే వీడియో ఆగిపోతుంది కాబట్టి పిల్లలు రెండో స్క్రీన్ తెచ్చుకుంటారు, వీళ్లు ఇంకా తెలివైనవాళ్లు. క్విజ్‌లో ప్రశ్న ఇలా ఉంటుంది:

మీతో పనిచేసే వ్యక్తి గ్రాఫులో తనకు నచ్చని మూడు చుక్కలు తీసేశాడు. మీరేం చేస్తారు? ఎ) చూడనట్టు ఊరుకుంటాను. బి) నేనూ ఓ మూడు తీసేస్తాను. సి) అతనితో మాట్లాడటం మానేస్తాను. డి) సంస్థ నియమావళిని అనుసరించి, తగిన ఆధారాలతో, సంబంధిత అధికారికి సకాలంలో తెలియజేస్తాను.

అన్నిటికన్నా పొడుగ్గా ఉన్నదే సరైన జవాబని మూడో శిక్షణకల్లా అందరికీ అర్థమైపోతుంది. విద్యార్థి పరిశోధనా జీవితంలో ఇదే తొలి ఆవిష్కరణ. ఎవరు చేసినా, ఎన్నిసార్లు చేసినా అదే ఫలితం. ఇంత నమ్మకమైన ఫలితం తర్వాతి అయిదేళ్లలో ఇంకొకటి దొరకదు. ఆ చుక్కలు తీసేసింది సాక్షాత్తూ గైడే అయితే ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం క్విజ్‌లో రాదు. సిలబస్‌లో లేనివి అడగడం అన్యాయం కదా.

అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్, తన డబ్బుతో శిక్షణ పొందేవాళ్లకు పరిశోధన నీతి కనీసం 8 గంటలు చెప్పాలని 2009లో రాసింది. ఉత్త ఆన్‌లైన్ కోర్సు చాలదు, ఎదురెదురుగా కూర్చుని చర్చించాలంది. నాలుగేళ్లకొకసారైనా మళ్లీ చెప్పాలంది. అంటే నీతి నాలుగేళ్ల దాకా చెడిపోదన్నమాట, ఫ్రీజర్‌లో పెట్టిన చాలా ఎంజైములకన్నా నయం.

చెప్పడానికి విషయాలు లేకపోలేదు. అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే రోగి శరీరంలోని క్యాన్సర్ కణాలను 1951లో ఆమెను అడక్కుండా తీసి పెంచారు. ఈ పిల్లలు రేపు ఫ్లాస్కుల్లో పెంచబోయే హీలా కణాలు అవే. అక్కడే టస్కిగీ అనే ఊళ్లో 1932 నుంచి 1972 దాకా వందలమంది నల్లజాతి పురుషులకు సిఫిలిస్ ఉందని వాళ్లకే చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. 40 ఏళ్ల దారుణం. స్లైడు మీద 40 సెకన్లు. కింద ‘తరువాత’ అనే బటన్.

ఇక రొటేషన్లు. కొన్ని చోట్ల గైడుని ముందే కుదుర్చుకుని చేరతారు, వాళ్ల రాత వాళ్లది. రొటేషన్లున్న చోట సాధారణంగా మూడు ల్యాబుల్లో ఒక్కోచోట ఎనిమిది నుంచి పది వారాలు పనిచేసి, ఎవరి దగ్గర స్థిరపడాలో తేల్చుకోవాలి. పది వారాలంటే బోలెడు కాలం అనుకుంటారు. లెక్క చూడండి. మొదటివారం తలుపు కార్డు రాదు. రెండోవారం కార్డు వస్తుంది, తలుపు తెరుచుకోదు. మూడోవారం ఎలుకల గదికి శిక్షణ. నాలుగోవారం మొదట్లో ఆడ ఎలుకనీ మగ ఎలుకనీ ఒక పెట్టెలో పెట్టారనుకోండి. కడుపు మోయడానికి మూడు వారాలు, పాలు మాన్పించడానికి మరో మూడు. అప్పటికి పదోవారం. మెండెల్ లెక్కన నాలుగింట్లో ఒకటి కావాల్సిన జన్యువులతో పుట్టాలి. ఆ కాన్పులో ఒక్కటీ పుట్టదు. పుట్టినా ఎలుక ప్రయోగానికి ఎదిగేలోపు విద్యార్థి ఇంకో ల్యాబులో కార్డు కోసం ఎదురుచూస్తుంటాడు. ప్రయోగాల్లో జంతువులను వీలైనంత తక్కువ వాడాలని రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లోనే రాశారు. ఆ సంగతి చెప్పే శిక్షణలో అతనికి నూటికి నూరు వచ్చాయి.

నాకు తెలిసిన ఒకమ్మాయికి రెండో రొటేషన్‌లో వెస్టర్న్ బ్లాట్ అప్పజెప్పారు, అంటే నమూనాలో ఫలానా ప్రొటీన్ ఉందో లేదో చూసే పరీక్ష. ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి రసాయనం పట్టిన ప్రొటీన్లకు ఋణావేశం ఉంటుంది, కరెంటు పెట్టగానే ధనధ్రువం వైపు పరిగెడతాయి. అవి ముందుగా ఉండే జెల్ లోంచి బయటికొచ్చే దారిలో మెంబ్రేన్ అనే పలచటి పొరని అడ్డం పెట్టి వాటిని పట్టుకోవాలి. ఈ అమ్మాయి జెల్‌నీ మెంబ్రేన్‌నీ తారుమారుగా పెట్టింది. ఎన్నాళ్లో కష్టపడి తీసిన ప్రొటీన్లన్నీ శుభ్రంగా చుట్టూ ఉన్న బఫర్ ద్రావణంలో కలిసిపోయాయి. మర్నాడు తెల్లకాగితంలా ఉన్న ఆ మెంబ్రేన్‌ని ట్యూబ్‌లైటుకేసి ఎత్తి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి అరగంట చూసిందట. ప్రొటీన్లు మెంబ్రేన్ మీదికొచ్చాయో లేదో ముందే చూసుకోవడానికి పోన్సో అనే ఎర్రరంగు ఎందుకు పోస్తారో ఆ అరగంటలో తెలిసింది. ఏడాది మొత్తంలో నిజంగా నేర్చుకున్నది అదొక్కటే అంటుంది. రొటేషన్ నివేదికలో ‘ఫలితాలు రాలేదు, కారణం నా పొరపాటు’ అని రాసింది. గ్రేడు తగ్గింది. మంచి పనే చేశారు. పొరపాటు ఒప్పుకోవడం నీతి శిక్షణలో చేయాల్సిన పని, నివేదికలో కాదు.

రొటేషన్ చివర ఇచ్చే ఫారం కూడా ముచ్చటైనది. ‘ఈ ల్యాబు లక్ష్యాలు మీ ఆసక్తులకు సరిపోతున్నాయా?’ అని అడుగుతుంది. ఇక్కణ్నుంచి మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారు, పరిశోధన పేపర్‌లో మొదటి పేరు ఎవరిదో ఎప్పుడు తేలుస్తారు, గైడు రెండ్రోజులు మాట్లాడకపోతే దానర్థం ఏమిటి, వీటికి ఫారంలో గడుల్లేవు. ఇవన్నీ పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక ల్యాబులో పనిచేసే పరిశోధకుడు, చెప్పాలి, అదీ నమూనాలను గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రం తిరుగుతున్నంత సేపే. ఆ హోరులో పక్కవాళ్లకు వినపడదు. పది నిమిషాల స్పిన్‌లో తెలిసే సత్యాలు ఏడాది కోర్స్‌వర్క్‌లో తెలియవు కాబట్టి, శబ్దం లేని సెంట్రిఫ్యూజ్‌లు కొనాలని సంస్థలకు నా మనవి.

కోర్స్‌వర్క్ గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు, విన్నవాళ్లకు గుర్తున్నదీ పెద్దగా లేదు. అచ్చయిన పేపర్లను కూర్చుని చర్చించే జర్నల్ క్లబ్‌లో మాత్రం కళ్లు మూసుకుని కూర్చునే ఒక పెద్దాయన ఉంటారు. సరిగ్గా ఇరవయ్యో నిమిషంలో కళ్లు తెరిచి ‘కంట్రోల్ ఏదీ?’ అంటారు, అంటే ఫలితాన్ని పోల్చి చూసుకోవడానికి పక్కన చేయాల్సిన ప్రయోగం. పేపర్ ఏదైనా ఆ ప్రశ్న పనికొస్తుంది. చిత్రమేమిటంటే, సగం సార్లు కంట్రోల్ నిజంగానే ఉండదు.

ఇవన్నీ దాటాక, కొన్ని చోట్ల ఆ ఏడాది చివర్లోనే, కొన్ని చోట్ల రెండో ఏట, క్వాలిఫయింగ్ పరీక్ష. రాబోయే నాలుగైదేళ్లలో ఏం చేస్తారో, ఏం కనుక్కుంటారో ముందే రాసి కమిటీ ముందు నిలబడాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. వాళ్లు మరీ ఉదారులు, పేరుతో సరిపెట్టారు. ఇక్కడ సోమలింగాలు ముగ్గురుండాలి, మూడు లక్ష్యాలన్నమాట. ఒకడు పోయినా మిగతా ఇద్దరూ నిలబడేలా ఉండాలి. ముగ్గురికీ ‘ఎదురయ్యే ఇబ్బందులు, ప్రత్యామ్నాయాలు’ అని విడిగా రాయాలి. పైగా ప్రాథమిక డేటా ఏదైనా చూపిస్తే బాగుంటుందని సలహా, అంటే సోమలింగం ఫొటో.

కాబట్టి నా ప్రతిపాదన ఒక్కటే. ఇంత చక్కటి ఏడాదిని ఒక్క ఏడాదికే పరిమితం చేయడం దారుణం. దీన్ని అయిదేళ్లకు పొడిగించి, సర్టిఫికెట్లన్నీ కుట్టించి, అట్ట వేయించి, అదే థీసిస్‌గా తీసుకోవాలి. ఎలుకలకూ విశ్రాంతి. ఇందులో తిరిగి చేస్తే తప్పని తేలే ఫలితమంటూ ఒక్కటీ ఉండదు.

ఈ ముక్క రాసి ముగించబోతుంటే ఆ వెస్టర్న్ బ్లాట్ అమ్మాయి ఫోన్ చేసింది. రెండో ఏడాది మొదటిరోజు ల్యాబుకెళ్లి కార్డు పెడితే ఎర్రలైటు వెలిగిందట. జీవభద్రత సర్టిఫికెట్‌కి గడువు ఏడాదే, ముందురోజు రాత్రి పన్నెండింటికి అయిపోయింది. వరండాలోనే కూర్చుని, వీడియో మొత్తం మళ్లీ చూసి, క్విజ్‌లో అలవాటు ప్రకారం పొడుగాటి జవాబులన్నీ నొక్కింది. ఫెయిలైంది. ఈసారి ప్రశ్నలు మార్చారట.