ఆకాశరామన్న ఉత్తరంతో తేలే నేరమా? అన్నే ఫ్రాంక్‌ను పట్టించిందెవరన్న ‘ఛేదన’పై ఖండన

“అన్నే ఫ్రాంక్ కుటుంబాన్ని నాజీలకు పట్టించిందెవరో తేలిపోయింది. తోటి యూదుడే. ఆర్నాల్డ్ వాన్ డెన్ బెర్గ్ అనే నోటరీ. 77 ఏళ్ల మిస్టరీని ఎఫ్‌బీఐ కృత్రిమ మేధతో ఛేదించింది.” ఆమ్‌స్టర్‌డామ్‌లో నాజీలకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక అన్నే గురించి, 2022 జనవరిలో ఒక పుస్తకం, ఒక అమెరికన్ టీవీ కార్యక్రమంతో పుట్టిన ఈ మాట ఇంకా చేతులు మారుతూనే ఉంది. చనిపోయిన మనిషి మీద ఇంత పెద్ద నింద వేసేటప్పుడు చూపిన ఆధారం మాత్రం చాలా చిన్నది.

మొదట ఎఫ్‌బీఐ సంగతి. ఆ సంస్థ ఈ కేసును ముట్టుకోలేదు. దర్యాప్తు చేసింది ఒక ప్రైవేటు బృందం. అందులో ప్రధాన పరిశోధకుడు ఎఫ్‌బీఐలో పనిచేసి రిటైరైన విన్స్ పాంకోక్. ఇక కృత్రిమ మేధ చేసిందల్లా స్కాన్ చేసిన కాగితాల్లో పేర్లకూ చిరునామాలకూ మధ్య లంకెలు వెతకడం. నోటరీ మీద వేలు చూపిన కాగితం కంప్యూటరు కనిపెట్టింది కాదు. దాని ప్రస్తావన 1963–64 నాటి పోలీసు దర్యాప్తులోనే ఉంది, డచ్చి చరిత్రకారులకు ముందే తెలుసు.

ఇంతకీ ఆ కాగితం ఏమిటి? యుద్ధం ముగిశాక అన్నే తండ్రి ఒటో ఫ్రాంక్‌కు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. మీరు దాక్కున్న చోటును వాన్ డెన్ బెర్గ్ జర్మన్ల యూదు వలస కార్యాలయానికి (యూదులను శిబిరాలకు తరలించే విభాగానికి) తెలియజేశాడనీ, అతను అందించిన చిరునామాల జాబితా ఒకటి అక్కడ ఉండేదనీ దాని సారాంశం. రాసిందెవరో తెలియదు. వాళ్లకు ఎలా తెలిసిందో అందులో లేదు. జాబితా ఏ నెలలో ఇచ్చాడో లేదు. అసలు ఉత్తరం ఇప్పుడు లేదు, మిగిలింది టైపు చేసిన నకలు. కాబట్టి చేతిరాతను పోల్చి చూసే దారీ లేదు. ఆ రోజుల్లో నెదర్లాండ్స్‌లో ఎవరు ఎవరికి ద్రోహం చేశారన్న ఆరోపణలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. వాటిలో ఇదొకటి.

“నేరస్థుడు యూదుడు కాబట్టి ఒటో దాచిపెట్టాడు” అన్నది మరో ముక్క. కానీ ఆ నకలును దర్యాప్తు పోలీసు అధికారి చేతికిచ్చింది ఒటోనే. దాచదలచుకున్నవాడు చేసే పని కాదది.

అసలు గట్టిగా చూడాల్సింది జాబితా కథ. వాన్ డెన్ బెర్గ్ యూదు మండలి (యూదుల వ్యవహారాలు చూడటానికి జర్మన్లు యూదులతోనే పెట్టించిన సంఘం) సభ్యుడు, మండలి దగ్గర దాక్కున్నవాళ్ల చిరునామాలు ఉండేవి, వాటిని అప్పగించి తన కుటుంబాన్ని కాపాడుకున్నాడు అంటారు. అలాంటి జాబితా ఉందని చూపే పత్రం ఏదీ దొరకలేదు. ఉన్నవి యుద్ధం తరవాత చెప్పిన ‘విన్నాం’ అనే మాటలు. జర్మన్ల ఆజ్ఞలతో నడిచే మండలికి, జర్మన్లకు భయపడి దాక్కున్న మనిషి తన చిరునామా ఎందుకిస్తాడు?

తేదీలు పక్కపక్కన పెడితే కథ ఇంకా వదులవుతుంది. మండలిని జర్మన్లు 1943 సెప్టెంబరులోనే రద్దు చేశారు. అన్నే కుటుంబం దాక్కున్న ప్రిన్సెన్‌గ్రాక్ట్ 263 భవనం మీద దాడి జరిగింది 1944 ఆగస్టు 4న. మండలి ఉండగా జాబితా చేతికందితే జర్మన్లు పది నెలలకు పైగా ఎందుకు ఊరుకుంటారు? లేదు, ఆగస్టులోనే చెప్పాడంటారా, అప్పటికి అతనే పరారీలో ఉన్నాడు. ‘యూదుడు కాదు’ అని జర్మన్ కార్యాలయం నుంచి అతను సంపాదించుకున్న గుర్తింపు, మరో నోటరీ ఫిర్యాదుతో 1944 మొదట్లో పోయింది. కుటుంబం అజ్ఞాతంలోకి వెళ్లింది, కూతుళ్లు వేరే చోట్ల దాక్కున్నారు. శిబిరాల రికార్డుల్లో పేర్లు లేవు కాబట్టి జర్మన్ల రక్షణ కొనుక్కున్నాడని బృందం అనుకుంది. దాక్కున్నవాళ్ల పేర్లు శిబిరాల రిజిస్టర్లలో ఉండవు, దాక్కునేదే అందుకు. ఆ దేశంలో అలా తలదాచుకున్న యూదులు సుమారు 28 వేల మంది.

నేర దర్యాప్తులో అడిగే మూడు ప్రశ్నలనే బృందం అడిగింది: తెలుసా, కారణం ఉందా, వీలుందా? అతనికి ఈ చిరునామా తెలుసనడానికి ఆధారం లేదు. కుటుంబాన్ని కాపాడుకోవడమే కారణమంటే, వాళ్లను కాపాడింది అజ్ఞాతం. వీలు సంగతి పైన చూశాం. మూడు గళ్లూ ఊహతో నింపి, 85 శాతం నమ్మకం అని అంకె వేశారు. ఆ శాతం ఏ కొలతనుంచీ వచ్చింది కాదు. 2022 మార్చిలో ఆరుగురు డచ్చి చరిత్రకారులు ఒక్కో అంశాన్నీ తిప్పికొడుతూ నివేదిక ఇచ్చారు, డచ్చి ప్రచురణకర్త అదే రోజు పుస్తకాన్ని అమ్మకం నుంచి ఉపసంహరించుకున్నాడు. ముందే క్షమాపణ కూడా చెప్పాడు. ఆ వార్త మాత్రం మొదటి వార్తలో పదో వంతు కూడా పాకలేదు, బాధ అక్కడే.

ఇది ‘ఒక సిద్ధాంతం’ అని వదిలేయలేం. ‘యూదుడే యూదుణ్ణి అమ్మాడు’ అనగానే దాడికి వచ్చినవాళ్లు కనుమరుగైపోతారు. ఆ ఎనిమిది మందిని ఆ ఇంట్లోంచి ఈడ్చుకెళ్లింది నాజీల ఎస్‌ఎస్ దళం అధికారి కార్ల్ సిల్బర్‌బావర్, అతని వెంట డచ్చి పోలీసులు. 1943లో పట్టుకున్న ఒక్కో యూదుడికి 7.50 గిల్డర్ల (నాటి డచ్చి కరెన్సీ) బహుమతి లెక్కన, దాక్కున్న యూదులను వేటాడే హెన్నెకె ముఠా 8 వేలకు పైగా మనుషులను అప్పగించింది, ఆ ముఠావాళ్లు డచ్చివాళ్లే. లక్షా 40 వేల యూదుల్లో లక్షకు పైగా చనిపోయిన దేశం అది.

ద్రోహి లేకపోయే అవకాశమూ ఉంది. 2016లో ఆ భవనంలోని మ్యూజియం అన్నే ఫ్రాంక్ హౌస్ పరిశోధన ఒకటి, పోలీసులు దొంగ రేషన్ కూపన్ల వ్యవహారం మీద వచ్చి ఉండొచ్చనీ, దాక్కున్నవాళ్లు అనుకోకుండా దొరికి ఉండొచ్చనీ చెప్పింది. ఆ భవనంలోని వ్యాపారానికి అమ్మకందార్లుగా పనిచేసిన ఇద్దరు 1944 మార్చిలో కూపన్ల కేసులోనే అరెస్టయ్యారు. అన్నే డైరీలోనూ ఆ ప్రస్తావన ఉంది. ఇదీ రుజువు కాదు, ఆ పరిశోధన రుజువని చెప్పుకోలేదు కూడా.

తనను ఆ ఇంటికి పంపింది తన పైఅధికారి యూలియస్ డెట్‌మన్ అని సిల్బర్‌బావర్ చెప్పాడు. సిల్బర్‌బావర్ దొరికింది 1963లో, వియన్నాలో పోలీసు ఉద్యోగం చేసుకుంటూ. డెట్‌మన్ 1945లోనే జైల్లో ఉరేసుకున్నాడు.