మా వెయివర్ ఊరు, ఆ అమ్మాయి పీహెచ్‌సీ

మన అమెరికా తెలుగు డాక్టర్ల సంఘం డిసెంబరు సేవా కార్యక్రమాలకు విజయవాడ వెళ్లొచ్చినవాళ్లందరూ ఈపాటికి ఫొటోలు పెట్టేశారు. శాలువాలు, జ్ఞాపికలు, కంటి శిబిరం ముందు రిబ్బను, కుట్టుమిషన్ల వెనక నిలబడ్డ మన బోర్డు సభ్యులు, అన్నీ ఉన్నాయి. బందరు రోడ్డులోని హోటల్ హాల్లో వైద్య విద్యార్థులకు పెట్టిన కెరీర్ గైడెన్స్ సదస్సు ఫొటోలూ ఉన్నాయి. ఒకదాంట్లో రెండో వరసలో నేను పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటాను. ఆ నవ్వు గురించే ఇది రాస్తున్నాను.

సదస్సు ఎలా నడిచిందో చెప్పక్కర్లేదు, ఏటా నడిచినట్టే నడిచింది. జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షులవారి పలుకులు, కాబోయే అధ్యక్షులవారి ఇంకాస్త పొడుగాటి పలుకులు. 2022 జనవరి నుంచి అమెరికా డాక్టరు లైసెన్సు పరీక్షలో మొదటి భాగం, స్టెప్ వన్, మార్కుల్లేని పాస్-ఫెయిల్ అయిపోయింది కాబట్టి ఇక స్టెప్ టూ స్కోరే దిక్కని ఒకాయన, అక్కడి ఆస్పత్రిలో పక్కన నిలబడి చూసే అబ్జర్వర్‌షిప్ కోసం మెయిల్ ఎలా రాయాలో ఇంకొకాయన చెప్పారు. తర్వాత మైకు పట్టుకున్న మిత్రుడు ఐదారుగురు పిల్లల్ని స్టేజీ మీదికి పిలిచి, ఏమవుదామనుకుంటున్నారని అడిగాడు. ఇంటర్నల్ మెడిసిన్, ఆపైన కార్డియాలజీ అన్నాడొక అబ్బాయి. చప్పట్లు. ఇక్కడే రేడియాలజీ అన్నాడు ఇంకొకడు. ఇంకా గట్టిగా చప్పట్లు. నాలుగో అమ్మాయి, గుంటూరులో హౌస్‌సర్జన్, మైకు కాస్త దూరంగా పట్టుకుని అంది: "పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరుగా చేరదామనుకుంటున్నానండి. మాది పల్నాడు. కొన్నేళ్లు అక్కడే చేసి, తర్వాత ఫ్యామిలీ మెడిసిన్ చూసుకుంటాను."

"అయ్యో, అప్పుడే ఆశ వదిలేసుకుంటే ఎలా అమ్మా! ఇంకో ఏడాది కోచింగ్ తీసుకో, పీజీ ర్యాంకు అదే వస్తుంది" అన్నాడు మనవాడు.

హాలంతా గొల్లుమంది. మిత్రుడు చెడ్డవాడేం కాదు, ఆ నిమిషానికి నోటికొచ్చింది అనేశాడు. కానీ ఆ అమ్మాయి నవ్వలేదు. మైకు పక్కవాడికిచ్చి, చున్నీ సర్దుకుని, నేల చూస్తూ నిలబడింది.

భోజనాల దగ్గర వెతుక్కుంటూ వెళ్లాను. పులిహోర, గోంగూర వేసుకున్న ప్లేటు పట్టుకుని ఒక్కతే గోడవారన నిలబడి ఉంది. సారీ చెబుదామని వెళ్లి, మనకలవాటైన ధోరణిలో సలహాలు మొదలుపెట్టాను. మర్యాదగా అంతా విని ఒకే ఒక్కటి అడిగింది.

"మీరు వెయివర్ జాబ్ ఎక్కడ చేశారు సార్?"

ఆ ప్రశ్నకు పొంగిపోయానంటే నమ్మండి. అయోవా గురించి చెప్పడం నాకిష్టం. చుట్టూ మొక్కజొన్న, మధ్యలో నాలుగు వేల జనాభా ఉన్న ఊరు, పాతిక పడకల ఆస్పత్రి. కరివేపాకు కావాలంటే కారులో రెండున్నర గంటలు. జె-1 వీసా మీద రెసిడెన్సీ, అంటే అక్కడి పీజీ శిక్షణ, చేసినవాడు రెండేళ్లు స్వదేశానికి వెళ్లిపోవాలి, లేదా డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి; ఆ మినహాయింపే వెయివర్. కాన్రాడ్ పథకం కింద రాష్ట్రానికి ఏడాదికి 30 మందికే ఆ అవకాశం. 2003లో నాకది దొరికినప్పుడు మా అమ్మ బ్రాడీపేటలో లైనంతా స్వీట్లు పంచింది. ఆ ఊళ్లో ముసలివాళ్లు ఆగస్టులో మా గుమ్మం ముందు మొక్కజొన్న పొత్తులు బస్తాలకు బస్తాలు పెట్టి వెళ్లేవాళ్లు. మంచు తుఫానులో నా కారు దిగబడితే ట్రాక్టరేసుకొచ్చి లాగారు. ఇవన్నీ ఆ అమ్మాయికి చెప్పాను, ఇంకొన్ని కలిపి కూడా చెప్పాను.

"అయితే అదీ పీహెచ్‌సీ లాంటిదే కదా సార్" అంది. వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగింది.

ఆ సాయంత్రం వారధి దాటి గుంటూరు వెళ్తుంటే కారులో నోరు మెదపలేదు నేను. మనలో జె-1 మీద వచ్చినవాళ్లు ఎంతమంది? మిసిసిపీలో, కెంటకీ బొగ్గు గనుల ఊళ్లలో, డకోటాల్లో మూడేళ్లు చేసి వచ్చినవాళ్లే కదా ఇవాళ చాప్టర్లు నడిపేది. మనమందరం పల్లెటూరి డాక్టర్లమే, కాకపోతే పల్లెటూరు వేరేవాళ్లది. మన పల్లెటూరికి వెళ్తానన్న పిల్లకు ర్యాంకు రాలేదనుకున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, నా ఆత్మకథ ఇంకెవరూ రాయరు కనుక. 1997లో హౌస్‌సర్జెన్సీలో నాకు నరసరావుపేట అవతల ఒక పీహెచ్‌సీలో రూరల్ పోస్టింగ్ పడింది. నేను అక్కడికి వెళ్లింది లెక్కపెట్టి తొమ్మిది రోజులు. మిగతా రోజులు అటెండెన్స్ ఎలా పడిందో మన తరంవాళ్లకు తెలుసు, కొత్తవాళ్లకు తెలియకపోవడమే మేలు. రూములో కూర్చుని స్టెప్ వన్ చదువుకున్నాను. ఆ తొమ్మిది రోజుల్లోనే ఒక రాత్రి, మిరపచేలో కాపలా పడుకున్న మనిషిని ట్రాక్టరు మీద తెచ్చారు. కట్లపాము. కాటు ఎక్కడుందో కూడా సరిగా కనబడలేదు. కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది, ఊపిరి ఆగిపోయేలా ఉంది. అక్కడున్న యాంటీ వెనమ్ వయల్స్ ఎక్కించాం. అవి చాలవు, వెంటిలేటరు కావాలి. ఫార్మసిస్టు ఒక పెద్దాయన, పాతికేళ్ల సర్వీసు, "భయపడమాకండి డాక్టరుగారూ, బ్యాగు పిసుకుతా పోదాం" అన్నాడు. జీపులో నేను కాసేపు, ఆయన కాసేపు చేత్తో ఊపిరందించే అంబూ బ్యాగు పిసుకుతూ గుంటూరు పెద్దాసుపత్రి దాకా వచ్చాం. వేళ్లు కొంకర్లు పోయాయి. జిన్నా టవర్ కనబడేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం. ఆ మనిషి పదిహేను రోజుల తర్వాత నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

అంతకంటే పెద్ద వైద్యం ఇరవై ఎనిమిదేళ్లలో నేనింకోటి చేయలేదు. అయినా నెల తిరక్కుండా మళ్లీ రూములోకి వెళ్లి స్టెప్ వన్ పుస్తకం తెరిచాను.

కాబట్టి ఇప్పటి పిల్లల్ని తిట్టే హక్కు నాకు లేదు, తిట్టను కూడా. నాకు అయోవాలో ఇల్లిచ్చారు, జీతం పట్నం డాక్టరుకంటే ఎక్కువే ఇచ్చారు, చేయి దాటితే హెలికాప్టరు వచ్చేది. ఇక్కడ మెడికల్ ఆఫీసరుకు వైద్యం సగం పూటే. మిగతాది రిపోర్టులు, యాప్‌లు, మీటింగులు, వీడియో కాన్ఫరెన్సులు. పైకి వెళ్లడానికి ఉన్న ఒక్క నిచ్చెన పీజీలో సర్కారీ డాక్టర్లకు కేటాయించే ఇన్‌సర్వీస్ కోటా, దానికోసం 2024లోనూ 2025లోనూ పీహెచ్‌సీ డాక్టర్లు ఓపీలు వదిలి రోడ్డెక్కాల్సి వచ్చింది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆస్పత్రిలో జరిగిన ఘోరం తర్వాత ఆడపిల్లను నైట్ డ్యూటీకి పంపే ఏ తల్లికి నిద్ర పడుతుంది? ఇవన్నీ నిజాలే. పీజీ తెచ్చుకుని కొత్తపేటలోనో సూర్యారావుపేటలోనో బోర్డు పెట్టుకోవాలనుకోవడం నేరం కాదు.

కానీ పిల్లలు తమంతట తామే అలా అనుకుంటున్నారా?

ఆ రాత్రి మా బాబాయి ఇంట్లో వాళ్ల మనవడి నీట్ పీజీ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెడుతున్నారు. ల్యాప్‌టాప్ చుట్టూ ఏడుగురం, అందులో డాక్టర్లం ఇద్దరమే. వాడికి మైక్రోబయాలజీ అంటే ఇష్టమట, మెల్లగా అన్నాడు. "ఒరేయ్, లేబొరేటరీలో కూర్చోడానికా నిన్ను చదివించింది?" అన్నాడు బాబాయి. 2023లో పీజీ కటాఫ్ పర్సంటైల్‌ను ఏకంగా సున్నాకు దించాల్సి వచ్చిందంటే ఇలాంటి సీట్లు మిగిలిపోయే. పిన్ని లెక్క ఇంకా సూటిగా ఉంది: "రేడియాలజీ అయితే సంబంధాలు వాటంతటవే వస్తాయి. ఉత్త ఎంబీబీఎస్ అంటే ఎవడూ ఫోను కూడా ఎత్తడు." బాబాయి వాళ్లంటే నాకు ప్రాణం, నా మొదటి టికెట్టు డబ్బులు ఆయనే అప్పు తెచ్చి ఇచ్చాడు. అయినా చెబుతున్నాను, మన ఇళ్లలో డాక్టరు చదువంటే స్థలం కొన్నట్టే. అబ్బాయి ఫిజీషియన్, కోడలు గైనిక్, మామగారి స్థలంలో నర్సింగ్ హోమ్, కింద మెడికల్ షాపు బావమరిదికి. పేషెంటు ఊసు ఈ ప్లానులో ఎక్కడా రాదు. తర్వాత వాడే వస్తాడులే, ఆర్‌ఎంపీ పంపిస్తాడు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? ప్రైవేటు కాలేజీల్లో 15 శాతం సీట్లు ఎన్నారై కోటా. సి-కేటగిరీ అంటాం ముద్దుగా. తోడల్లుడి తమ్ముడి కూతురికి స్పాన్సర్ లెటరు మీద మనలో ఎంతమందిమి సంతకాలు పెట్టలేదు? నేను రెండు పెట్టాను. దూరపు చుట్టాల్ని కూడా ఎన్నారై కిందికి తెచ్చిన పంజాబ్ ప్రభుత్వ వ్యవహారం మోసమని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చినప్పుడు ఆ రెండు సంతకాలూ గుర్తొచ్చాయి. అన్ని లక్షలు పోసి చదివిన పిల్ల పీహెచ్‌సీకి వెళ్తుందని ఎలా అనుకుంటాం? వెళ్తానన్నా ఇంట్లోవాళ్లు వెళ్లనివ్వరు.

ఇక మన దాతృత్వం. గుంటూరు పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో పూర్వ విద్యార్థులు కట్టించిన బ్లాకులు చూస్తే నాకు గర్వమే. పొదిల ప్రసాద్ గారి పేరున్న భవనం ముందు నిలబడి ఫొటో కూడా దిగాను. భవనాలు కట్టగలమని 1946లో పుట్టిన గుంటూరు మెడికల్ కాలేజీ పిల్లలు రుజువు చేశారు, సంతోషం. అయితే పురుగుమందు తాగినవాడిని, పాము కరిచినవాడిని ఆ భవనం దాకా ఊపిరితో చేర్చేది ఊళ్లో ఉన్న డాక్టరు. ఆవిడకు క్వార్టర్సు తలుపు గడియ సరిగా పడదు. ఇన్వర్టరు పనిచేయదు. గడియకు శిలాఫలకం పెట్టలేం కాబట్టి మన కమిటీల్లో ఆ ప్రతిపాదన రాదు.

బోర్డువారిని బతిమాలుకుంటున్నాను. వచ్చే డిసెంబరులో సదస్సు మళ్లీ పెట్టండి, స్టెప్ టూ గురించీ చెప్పండి, వెళ్లాలనుకునే పిల్లలు వెళ్లనీయండి. కానీ మొదటి గంట మాచర్ల, వినుకొండ వైపు పనిచేస్తున్న మెడికల్ ఆఫీసర్లకు ఇవ్వండి, మనం కింద కూర్చుని వింటాం. ఈసారి చందాల్లో కొంత పక్కన పెట్టి నాలుగు పీహెచ్‌సీల క్వార్టర్సు బాగుచేయిద్దాం, పేర్లు రాయకుండా. ఇంకోటి పైసా ఖర్చు లేనిది. పల్నాడులో అర్ధరాత్రి ఒంటిగంట అయితే మా న్యూజెర్సీలో చలికాలంలో మధ్యాహ్నం రెండున్నర, ఎండాకాలంలో మూడున్నర. అక్కడ ఒంటరిగా ఈసీజీ పట్టుకుని కూర్చున్న పాతికేళ్ల డాక్టరుకు, ఇక్కడ కాఫీ తాగుతున్న కార్డియాలజిస్టు ఫోనెత్తితే చాలు. పేషెంటుకు మందు రాయమనడం లేదు, డాక్టరుకు డాక్టరు తోడుండమంటున్నాను. నా పేరు ముందు రాసుకోండి, మంగళ, గురువారాలు నావి.

ఆ అమ్మాయి నంబరు నా దగ్గరుంది. వచ్చే ఏడాది వక్తగా పిలవాలంటే అడగండి, ఇస్తాను. మైకు పట్టుకున్న మిత్రుడు మాత్రం ముందు నాకు ఫోన్ చేయాలి. సారీ ఇద్దరం కలిసే చెబుదాం, ఆ రోజు ప్లేటు పట్టుకుని ఆవిడ పక్కన అంతసేపు నిలబడి కూడా నేను చెప్పకుండానే వచ్చేశాను.