బంకులో నిప్పు ఫోన్‌లోంచి రాదు

మొన్న ఆదివారం మా ఇంటి దగ్గర పెట్రోల్ బంకులో ఒకాయనకు ఫోన్ మోగింది. జేబులోంచి తీసి చెవి దగ్గర పెట్టుకోబోతుంటే నలుగురు ఒక్కసారే అరిచారు. ఆయన కంగారుపడి ఫోన్ కట్ చేసి సారీ చెప్పాడు. అదే నిమిషంలో పక్క పంపు దగ్గర ఒక కారు ఏసీ కోసం ఇంజన్ ఆపకుండానే డీజిల్ కాదు, పెట్రోలే కొట్టించుకుంటోంది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలున్నారు. ఇంకో పక్క ఒక కుర్రాడు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ పట్టుకుని నిలబడితే, బంకు అబ్బాయి అందులో నాజిల్ పెట్టి నింపాడు. ఈ రెండింటినీ చూసి ఎవరూ నోరు మెదపలేదు.

నాకు భయం వేసింది అక్కడే. ఫోన్ గురించి కాదు.

అసలు బంకులో మండేది ద్రవం కాదు, ఆవిరి. ట్యాంకులోకి ఒక లీటరు పెట్రోల్ వెళ్తే, అందులో అప్పటిదాకా ఉన్న ఒక లీటరు ఆవిరి మూతి దగ్గర నుంచి బయటికొస్తుంది. మిట్టమధ్యాహ్నం గమనిస్తే ట్యాంకు మూతి పైన గాలి అలలు అలలుగా కదులుతూ కనిపిస్తుంది, అదే ఇది. గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి పైకి పోకుండా కిందికి జారి నేల మీద పాకుతుంది. గాలిలో ఈ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. ట్యాంకు లోపల అంతకన్నా చిక్కగా ఉంటుంది కాబట్టి అక్కడ మండదు. ప్రమాదమంతా ఆవిరి, గాలి కలిసే ఆ మూతి చుట్టూనే. అక్కడ అంటుకోవడానికి కావలసిన నిప్పురవ్వ శక్తి ఎంతో తెలుసా? మిల్లీజౌల్‌లో (శక్తిని కొలిచే జౌల్‌లో వెయ్యో వంతు) నాలుగో వంతు చాలు.

అంత చిన్న రవ్వ ఫోన్ నుంచి రాదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. న్యాయమైన అనుమానమే. ఫోన్ బయటికి పంపేది రేడియో తరంగాలు. వాటి బలం చాలా తక్కువ, గాలిలో రవ్వ పుట్టించేంత లేదు. బ్యాటరీ ఊడి కిందపడితే రవ్వ రావొచ్చన్నది పాత ఫోన్ల కాలం నాటి భయం. ఇప్పటి ఫోన్లలో బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది. మండే ఆవిర్లు ఉండే చోట వాడొచ్చని ప్రత్యేకంగా పరీక్షించి ధ్రువీకరించిన పరికరం కాదు కాబట్టి ఫోన్ కంపెనీలు ముందుజాగ్రత్తగా వద్దన్నాయి. ఆ జాగ్రత్తే జనం నోళ్లలో పడి "సిగ్నల్‌కి పెట్రోల్ అంటుకుంటుంది" అయింది.

2004లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం న్యూ పాల్జ్ అనే ఊళ్లో ఒక విద్యార్థి పెట్రోల్ పోసుకుంటుండగా ఫోన్ మోగింది, మంట లేచింది. తప్పంతా ఫోన్‌దేనని వార్తలొచ్చాయి. ఆ తర్వాత అక్కడి ఫైర్ అధికారే మళ్లీ విచారించి, ఫోన్ కారణం కాదని, ఆ కుర్రాడి ఒంటి మీది స్థిర విద్యుత్తు వల్లే కావొచ్చని తేల్చాడు. అమెరికాలోనే పెట్రోల్ పరికరాల కంపెనీల సంఘం పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి మంటలు నూటయాభైకి పైగా నమోదు చేసింది. వాటిలో ఫోన్ వల్లే అని తేలింది ఒక్కటీ లేదు. చాలావాటిలో జరిగింది ఏమిటంటే, అక్కడ ఎవరి బండికి వాళ్లే పోసుకుంటారు కదా, నాజిల్ లాక్ చేసి మళ్లీ కార్లో కూర్చుంటారు. దిగేటప్పుడు సీటుకీ బట్టలకీ రాపిడి జరిగి ఒంట్లో విద్యుత్తు చేరుతుంది. వెళ్లి నాజిల్ ముట్టుకోగానే రవ్వ.

చలికాలం పొద్దున కారు తలుపు పట్టుకుంటే చురుక్కుమంటుంది చూడండి, అదే. ఆ క్షణంలో మన ఒంట్లో మూడు నుంచి అయిదు వేల వోల్టుల దాకా ఉండొచ్చు. అయిదు వేల వోల్టులకు లెక్క వేస్తే సుమారు రెండు మిల్లీజౌళ్లు. అంటే కావలసినదానికి దాదాపు ఎనిమిది రెట్లు. విశాఖ, కాకినాడల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కొంత నయం. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ లాంటి పొడి చోట్ల ఆ వెసులుబాటు ఉండదు.

మన దగ్గర నాజిల్ పట్టుకునేది బంకు అబ్బాయి కాబట్టి ఆ పద్ధతి ప్రమాదం తక్కువే. కానీ మన ప్రమాదాలు మనకున్నాయి. బైకు మీద కూర్చునే, కాళ్ల మధ్య ట్యాంకు పెట్టుకుని పోయించుకుంటాం. పొంగితే కారేది వేడెక్కిన ఇంజన్ మీదికి, మన బట్టల మీదికి. ఇక ప్లాస్టిక్ బాటిల్. పెట్రోల్ వేగంగా పడేటప్పుడు విద్యుత్తు పుడుతుంది. చాలా బైకుల ట్యాంకు లోహం కాబట్టి నాజిల్ తగిలి ఉంటే ఆ విద్యుత్తు పైపు గుండా భూమిలోకి పోతుంది. ప్లాస్టిక్‌లోంచి పోయే దారి లేదు. ట్యాంకర్ లోడు దించే ముందు డ్రైవర్ ఎర్త్ వైరు క్లిప్ తగిలించేది ఇందుకే.

అలాగని బాటిల్ తెచ్చిన కుర్రాణ్ని తిట్టడానికి నాకు మనసొప్పదు. స్ప్రేయర్‌కి పెట్రోల్ కావలసిన రైతు పొలం దగ్గరికి బంకు రాదు. అతనికి అందుబాటు ధరలో ఇనుప క్యాన్ దొరికేలా చేసి, దాన్ని నేల మీద పెట్టి, నాజిల్ అంచుకి ఆనించి నింపాలి. బాటిల్ వద్దని బోర్డు పెట్టినంత మాత్రాన అవసరం తీరదు.

బంకులో ఫోన్ వద్దనడానికి నేను ఒప్పుకునే కారణం ఒకటుంది, అది పరధ్యానం. ఫోన్ మాట్లాడుతూ బంకు అబ్బాయి చూసుకోకపోతే ట్యాంకు పొంగుతుంది. డ్రైవర్ చూసుకోకపోతే నాజిల్ ఉండగానే బండి కదులుతుంది. అలాంటప్పుడు బోర్డు మీద ఆ మాటే రాయాలి. పంపు మీదే క్యూఆర్ కోడ్ అంటించి, పక్కనే ఫోన్ బొమ్మ మీద ఎర్ర గీత కొడితే జనం దేన్ని నమ్మాలి? ఆ బోర్డు అబద్ధమని ఒకసారి తేలితే, పక్కనున్న "ఇంజన్ ఆపండి", "పొగ తాగరాదు" బోర్డులకు కూడా విలువ పోతుంది. నాకున్న టెన్షన్ అదే.

ఆ రోజు రద్దీ తగ్గాక బంకు అబ్బాయిని అడిగాను, ఫోన్ ఎందుకు వద్దంటారని.

"సిగ్నల్‌కి అంటుకుంటుంది సార్."

మరి బాటిల్లో పోశావే అన్నాను.

"బాటిల్‌కి ఏమవుతుంది సార్?"

ఇరవై ఏళ్లు కూడా ఉండవు. రోజుకి పన్నెండు గంటలు ఆ ఆవిరిలోనే నిలబడతాడు. ఆ ప్రశ్నకు జవాబు అతనికి పనిలో చేరిన మొదటి రోజే ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది.