మాంత్రికుడి చేత మళ్లీ అద్దె కట్టించాలి

బెంగళూరులో తెలుగువాళ్ల కష్టాలు అనగానే అందరూ ట్రాఫిక్, నీళ్ల ట్యాంకరు, సంక్రాంతికి దొరకని బస్సు టికెట్టు అంటారు. ఇంతకంటే తీవ్రమైన సమస్య ఒకటుంది. దాని గురించి ఏ తెలుగు సంఘమూ నోరు విప్పదు. నగరాల్లో తిరిగే మాంత్రికుల నవలలు వరసపెట్టి పదిహేను చదివేసి, పదహారో దాంట్లో ఇరుక్కున్నవాళ్ల గతేమిటి?

అమెరికన్ రచయిత జిమ్ బుచర్ రాసే నవలల వరస డ్రెస్‌డెన్ ఫైల్స్‌నే తీసుకోండి. మొదటి నవల 2000లో వచ్చింది. షికాగోలో హ్యారీ డ్రెస్‌డెన్ అనే మాంత్రికుడు. టెలిఫోన్ డైరెక్టరీలో మాంత్రికుల కింద ఉన్నది ఆయనొక్కడి పేరే. బేస్‌మెంట్‌లో కాపురం, పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు, అద్దె బాకీ. దయ్యాల కంటే ఒకటో తారీకంటేనే ఆయనకి ఎక్కువ టెన్షన్. మారతహళ్లిలో ఉండే మనవాడికి ఇంతకంటే ఆత్మబంధువు ఎక్కడ దొరుకుతాడు?

తర్వాత ప్రమోషన్లు మొదలయ్యాయి. 2010లో వచ్చిన పన్నెండో నవలలో ఇల్లు కాలిపోయింది, కారు పోయింది, చివర్లో ఆయన్నే తుపాకీతో కాల్చేశారు. మామూలు ఉద్యోగి అయితే కుటుంబానికి పెన్షన్ వచ్చేది. ఈయన పదమూడో నవలంతా ఆత్మగా డ్యూటీ చేశాడు. ఇప్పుడు మంచు రాజ్యపు యక్షరాణి దగ్గర యోధుడి కొలువు, సరస్సులో ఒక దీవికి కాపలాదారుగా పూర్తి అదనపు బాధ్యతలు. పదహారో నవలకి వచ్చేసరికి ఉంటున్నది శిష్యురాలి ఫ్లాట్‌లో. అద్దె ఊసే లేదు.

పదిహేనోది 2014లో వచ్చింది. ఆరేళ్లు ఆగాక 2020 జూలైలో పదహారోది, సెప్టెంబరులో పదిహేడోది. ఒకటే నవల అనుకున్నది పెరిగిపోయి రెండయింది. పదహారో దాంట్లో శాంతి చర్చలని చెప్పి పాత పాత్రలన్నిటినీ ఒక్కచోట చేర్చారు. పెళ్లిలో "నన్ను గుర్తుపట్టావా?" అంటూ చెయ్యి పట్టుకునే పెద్దమ్మల్లా, పేజీకొకరు ఎదురొస్తారు. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు బస్సులో ఆ పుస్తకం పట్టుకున్న కుర్రాణ్ని పక్కవాడు అడుగుతున్నాడు.

"ఎవర్రా వీడు?"

"మూడో బుక్కులో వస్తాడు మామా."

"మంచోడా, చెడ్డోడా?"

"అప్పుడు చెడ్డోడు. మధ్యలో హీరోని కాపాడాడు. ఇప్పుడు... ఆగు, చూసి చెప్తా."

ఫోన్ తీసి వెతికాడు. సిల్క్ బోర్డు జంక్షన్ వచ్చింది, పోయింది. (వెళ్లిపోయిందంటే ఎంత టైమ్ పట్టిందో ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు.) వేలు మాత్రం అదే పేజీలో ఉంది.

అంత ఇబ్బందైతే మానెయ్యొచ్చుగా అంటారు గిట్టనివాళ్లు. చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల షాపుల్లో ఒక్కో భాగమూ ఏరుకుని పదిహేను పోగేసినవాడితో అనాల్సిన మాటేనా అది? పదిహేడో దాంట్లో దాదాపు మొత్తం ఒకే రాత్రి యుద్ధం. టైటాన్ (పురాణకాలపు మహాశక్తి) ఒకతె షికాగో మీద పడుతుంది. నామటుకు నాకు ఊరు మునిగిపోతోందంటే ఆవులింత వస్తోంది. అద్దెకి డబ్బుల్లేవంటేనే పేజీ తిప్పబుద్ధవుతుంది.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఒకటే. ఆయన్ని తక్షణం బెంగళూరుకి బదిలీ చేయించాలి. ఇక్కడ పది నెలల అద్దె అడ్వాన్సు కట్టడం పాత ఆచారం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోత. నేల మీద గీసిన మంత్రవలయం మరకలకి వేరే లెక్క. పైగా మాంత్రికుడు దగ్గరికొస్తే కంప్యూటర్లు, ఫోన్లు చెడిపోతాయన్నది ఆ నవలల్లో మొదట్నుంచీ ఉన్న రూలు. అలాంటివాడు దర్శినిలో (నిలబడి తినే ఇక్కడి చిన్న హోటల్లో) ఇడ్లీ తిని యూపీఐ ఎలా కొడతాడు? టైటాన్‌ని బంధించినవాడు కూడా కౌంటర్ దగ్గర చిల్లర కోసం జేబులు తడుముకోవాల్సిందే.

ఇంతా చేసి ఇల్లు దొరికినట్టు కాదు. ఓనరు ఇంటర్వ్యూ ఉంటుంది. బ్యాచిలరా, ఫ్యామిలీయా? ఏ కంపెనీ? నాన్‌వెజ్ వండుతారా? ల్యాబ్‌లో సలహాలు చెప్పే పుర్రె ఒకటి ఉందని ఆయన నిజాయితీగా చెప్పేస్తాడు. పుర్రె నాన్‌వెజ్ కిందికి వస్తుందో రాదో ఓనరుగారు వాళ్లావిణ్ని అడిగి చెప్పేదాకా తాళాలివ్వరు.