గుంటూరు పత్తి ఫొటో కాగితం ఎందుకు కాలేదు?

విజయవాడలో ప్రింటింగ్ తెలిసినవాళ్ళకి కరువేం లేదు. గైడ్లు, పంచాంగాలు, నవలలు, ఎలక్షన్ కరపత్రాలు, ఏది కావాలన్నా గవర్నర్‌పేట సందుల్లోకి వెళ్తే పనైపోద్ది. ఫొటోలు తీసేవాళ్ళూ బోలెడుమంది, కొండపల్లి ఖిల్లా, ఉండవల్లి గుహలు, గుంటూరు మిర్చి యార్డు, అన్నీ ఇన్‌స్టాలో రోజూ చూస్తూనే ఉన్నాం. కానీ ఇక్కడ తీసిన ఫొటోలతో ఇక్కడే వేసిన, చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాని ఫొటో పుస్తకం ఒకటి చూపించమంటే మాత్రం తడుముకోవాల్సిందే. తప్పు ప్రెస్సులది కాదు, కాగితానిది అని నా వాదన.

మన దగ్గర ఫొటో పుస్తకం అనగానే ఎవరూ ఆలోచించరు, ఆర్ట్ పేపర్, 130 లేదా 170 జీఎస్ఎం (చదరపు మీటర్ కాగితం బరువు గ్రాముల్లో), అట్ట మీద గ్లాసీ లామినేషన్, అంతే. ఆర్ట్ పేపర్ మీద మట్టిపూత ఉంటుంది కాబట్టి ఇంకు పైనే నిలబడి రంగులు భగ్గుమంటాయి, పెళ్ళి ఫొటోకి అది బానే ఉంటుంది. అదే మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య చెమట కారుతున్న హమాలీ బ్లాక్ అండ్ వైట్ ఫొటో అనుకోండి, ట్యూబ్‌లైట్ వెలుగు పేజీ మీద పడి మెరుస్తుంటే మనిషి మొహం కనపడదు, పేజీని అటూ ఇటూ తిప్పుకోవాలి. పత్తితో చేసిన మ్యాట్ కాగితం మీద అదే ఫొటో వేస్తే నలుపు అంత గాఢంగా రాదు, ఒప్పుకుంటా, కానీ గోనెసంచి పీచు, చర్మం మీద కారం దుమ్ము, ఆ గరుకుతనం అంతా కాగితంలోంచే పుట్టినట్టు ఉంటుంది. ఏ కాగితం అనేది చివర్లో ప్రెస్ ఓనర్ తేల్చే విషయం కాదండీ, ఏ ఫొటో ఉంచాలి ఏది తీసెయ్యాలి అన్నంత ముఖ్యమైన నిర్ణయం.

బయట దేశాల్లో పాత కాగితం మళ్ళీ లేచిందంటే అందరూ సంప్రదాయం మీద ప్రేమ అంటారు, నాకు మాత్రం అలా అనిపించదు. జపాన్ వాళ్ళు చేత్తో చేసే వాషి కాగితాన్ని యునెస్కో 2014లో వారసత్వ జాబితాలో పెట్టింది, మంచిదే, కానీ జాబితాతో మిల్లు నడవదు కదా. తోకుషిమాలో అవగామి అనే మిల్లు వాళ్ళు కోజో చెట్టు బెరడుతో చేసే కాగితానికే ఇంక్‌జెట్ పూత వేసి ఫొటోగ్రాఫర్లకి అమ్మడం మొదలుపెట్టారు. 1584లో పుట్టిన జర్మనీ హానెమ్యూలె మిల్లుదీ అదే దారి, పత్తి కాగితం చెయ్యడం ముందునుంచీ వచ్చు, దాన్ని డిజిటల్ ప్రింటర్‌కి పనికొచ్చేలా మార్చారు. కొత్త పని దొరికింది కాబట్టి పాత పనితనం బతికింది.

మన దేశంలో జరిగింది వేరు. 1934లో గాంధీజీ పెట్టిన గ్రామీణ పరిశ్రమల సంఘం చేతి కాగితాన్ని మళ్ళీ నిలబెట్టాలని చూసింది, ఆ సంఘాన్ని నడిపిన కుమారప్ప పేరుతో జైపూర్ దగ్గర సంగనేర్‌లో ఓ సంస్థ కూడా ఉంది. అయితే ఆ కాగితం ఇప్పుడు ఎక్కువగా గిఫ్ట్ బ్యాగులు, శుభలేఖలు, డైరీల కిందే పోతోంది. గులాబీ రేకులు, గడ్డిపోచలు కలిపిన షీట్ మీద ఫొటో ఏం వేస్తాం చెప్పండి?

ఇక గుంటూరు సంగతి. గింజ నుంచి దూది తీశాక కూడా గింజకి పొట్టి నూగు అంటుకుని ఉంటుంది, లింటర్ అంటారు, పత్తిగింజల నూనె తీసేముందు దాన్ని గీకుతారు. మంచి కాగితానికి కావాల్సిన సరుకు అదే, మన జేబులో నోటు కూడా నూరు శాతం పత్తి కాగితమే. ఇన్ని జిన్నింగ్ మిల్లులున్న చోట సరుకు లేదనే మాటే రాదు. అసలు చిక్కు ఆ తర్వాత. పటిక, గుగ్గిలంతో సైజింగ్ (కాగితం తడిని పీల్చకుండా చేసే పని) చేస్తే కాగితంలో ఆమ్లం మిగిలి కొన్నేళ్ళకి పచ్చబడుద్ది, దానికి బదులు ఆమ్లం లేని సైజింగ్ చేసి, సుద్ద కలిపి క్షారం వైపు ఉంచాలి, పైన రాలే నూగు ప్రింటర్ హెడ్‌లో ఇరుక్కోకుండా రోలర్ల మధ్య నొక్కాలి, ఇంకు పాకకుండా పూత వెయ్యాలి. ఇవేవీ రాకెట్ సైన్సు కాదు, కాకపోతే ఆర్డర్ లేకుండా ఏ మిల్లువాడూ ఈ తంటా పడడు.

పూత దాకా ఆగక్కర్లేని దారి ఒకటుంది, సయనోటైప్ అనే పాత ఫొటో పద్ధతి. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు, మరుసటేడే ఆనా ఆట్కిన్స్ దాంతోనే సముద్రపు నాచు ఫొటోల పుస్తకం మొదలుపెట్టింది, ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకంగా దాన్నే చెప్తారు. రెండు ఇనుప లవణాలు కలిపి కాగితానికి పూసి, ఆరబెట్టి, నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచి నీళ్ళతో కడిగితే నీలం బొమ్మ వస్తుంది. బెజవాడలో ఎండకి కొదవా?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్ళల్లో తడిసినవాటిల్లో ఆల్బమ్‌లూ ఉన్నాయి. మెరిసే ప్రింట్లు తడిసి అలాగే ఆరితే ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా అయిపోతాయి, విడదీస్తే మొహాలు ఊడొస్తాయి. 1966లో ఇటలీ ఫ్లోరెన్స్‌లో వరదకి తడిసిన పాత పుస్తకాలకి మరమ్మతు చేసింది మాత్రం ఇందాక చెప్పిన వాషిలాంటి జపాన్ కాగితంతోనే, అంత పల్చగా ఉన్నా పీచు పొడుగు కాబట్టి అంత గట్టిది.

కాబట్టి మొదటి ఆర్డర్ ఇవ్వాల్సింది కళాభిమానులు కాదు, వాళ్ళు ఎంతమందని. డబ్బంతా పెళ్ళి ఆల్బమ్‌లోనే ఉంది. లక్షలు పోసి కరిజ్మా ఆల్బమ్ (డిజైన్ చేసి పుస్తకంలా బైండ్ చేసే పెళ్ళి ఆల్బమ్) చేయించుకునే కుటుంబానికి అందులో ఓ నాలుగైదు ఫొటోలు, అమ్మమ్మ తాతయ్యలవైనా సరే, పత్తి కాగితం మీద విడిగా వేసి ఇస్తే ఖర్చు పెద్దగా పెరగదు. "ఏంటండీ ఇది పసుపుగా ఉంది" అని కస్టమర్ అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. మామూలు కాగితంలో తెల్లగా మెరవడానికి కలిపే కెమికల్ ముందు వెలిసిపోద్దని, ఇది మాత్రం ఇలాగే ఉంటుందని స్టూడియో అతను కౌంటర్ దగ్గరే చెప్పగలగాలి. అలాంటి స్టూడియోలు ఓ ఇరవై కలిసి మిల్లు దగ్గరికి వెళ్తే, అప్పుడు పూత సంగతి మాట్లాడొచ్చు.