మూడు జిల్లాల మాట, రాష్ట్రమంతటికీ శిక్ష

అమెరికాలోని యూటా రాష్ట్ర విద్యాబోర్డు 2024 ఆగస్టు మొదటి వారంలో 13 పుస్తకాల జాబితా విడుదల చేసింది. రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ బడిలోనూ ఇక అవి ఉండకూడదు. బీరువాలోంచి తీసేస్తే సరిపోదు. అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, వదిలించుకోవాలి. ఆ 13లో 12 ఆడవాళ్లు రాసినవి. ఆరు ఒక్క సారా జె. మాస్‌వే, టీనేజీ అమ్మాయిలు ఎగబడి చదివే ఫాంటసీ నవలలు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన చట్టం ఇలా ఉంది. యూటాలో 41 పాఠశాల జిల్లాలున్నాయి, అంటే ఒక్కో ప్రాంతంలోని ప్రభుత్వ బడులను సొంత బోర్డుతో నడిపే విభాగాలు. మూడు జిల్లాలు ఒక పుస్తకాన్ని అశ్లీలమని తేలిస్తే మిగతా 38 జిల్లాల్లోనూ దాన్ని తీసేయాల్సిందే. రెండు జిల్లాలకు ఐదు చార్టర్ స్కూళ్లు (ప్రభుత్వ డబ్బుతో, జిల్లాలతో సంబంధం లేకుండా నడిచే బడులు) తోడైనా అంతే. అదే పుస్తకాన్ని చదివి, చర్చించి, ఉంచుదామనుకున్న జిల్లా మాటకు విలువ లేదు. రాష్ట్ర బోర్డు తలుచుకుంటే నిర్ణయాన్ని తిరగదోడవచ్చు. తలుచుకోకపోతే? తీసేయడానికి మూడు జిల్లాలు చాలు, ఉంచడానికి 38 కూడా చాలవు.

ఈ నవలల్లో పిల్లలకు తగని శృంగార ఘట్టాలున్నాయన్న తల్లిదండ్రుల మాట అబద్ధం కాదు. కొన్నిటిని ప్రచురణకర్తలే తర్వాత పెద్దల పుస్తకాలుగా మార్చారు. కానీ ఏ వయసు పిల్లకు ఏ పుస్తకం ఇవ్వాలో చూడటానికే బడిలో లైబ్రేరియన్ ఉన్నారు. తన బిడ్డకు వద్దని చెప్పుకునే హక్కు ప్రతి తల్లికీ ఉంది. పక్క జిల్లాలోని బిడ్డకు కూడా వద్దనే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది?

జాబితాలోని 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' వరుసలో కథానాయిక ఫేరాకు పంతొమ్మిదేళ్లు. అడవిలో వేటాడి ఇంటిల్లిపాదినీ పోషిస్తుంది. రెండో నవలలో ఆమెను పెళ్లాడబోయేవాడు, రక్షణ కోసమేనంటూ, ఆమెను ఇంట్లోనే బంధిస్తాడు. ఆమె అతన్ని వదిలేసి తన దారి తాను చూసుకుంటుంది. ప్రేమ పేరుతో కట్టడి చేసేవాడిని గుర్తుపట్టాల్సిన వయసులో ఉన్న పిల్లలకు ఈ కథ అక్కర్లేదా? కొత్త చట్టం పెట్టిన కొలతలో ఆ ప్రశ్నకు చోటే లేదు. పుస్తకం మొత్తాన్ని తూచక్కర్లేదు, కొన్ని పేజీలు చూపిస్తే చాలు.

ఇదే యూటాలో డేవిస్ పాఠశాల జిల్లా 2023లో ఒక ఫిర్యాదు మీద చిన్న తరగతుల బడుల నుంచి బైబిల్‌ను తీసేసింది. జనం భగ్గుమన్నారు. కొద్ది వారాల్లోనే ఆ జిల్లా బోర్డు పుస్తకం మొత్తం విలువ చూసి దాన్ని తిరిగి పెట్టించింది. సరైన పనే చేసింది. ఒక చోట జరిగిన పొరపాటును ఆ చోటే దిద్దుకున్నారు. మూడు జిల్లాల లెక్క కుదిరాక ఏ జిల్లాకూ ఆ అవకాశం లేదు.

కొద్దిమంది ఫిర్యాదుకు అందరూ పుస్తకం పోగొట్టుకోవడం మన తెలుగువాళ్లకు తెలియనిది కాదు. కవయిత్రి ముద్దుపళని శృంగార కావ్యం 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయిస్తే, అశ్లీలమన్నారు. బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులను పట్టుకుని నిషేధించింది. మగవాళ్లు రాసిన శృంగార కావ్యాలకు లేని అభ్యంతరం దీనికెందుకని నాగరత్నమ్మ నిలదీశారు. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన 1946-47లో గానీ ఆ నిషేధం తొలగలేదు. ఒక తరం పాఠకులకు ఆ కావ్యం దక్కకుండా పోయింది.

అయిడాహో, టెనెసీ రాష్ట్రాలు కూడా 2024లోనే బడి పుస్తకాలపై తమ తమ చట్టాలు తెచ్చాయి. రేపు మరో రాష్ట్రం మూడు జిల్లాలు ఎందుకు, ఒక్కటి చాలదా అంటే ఏం సమాధానం చెబుతారు? సూత్రం ఒప్పుకున్నాక సంఖ్య తగ్గించడం ఎంతసేపు?

ఈ చట్టాన్ని సమర్థించేవాళ్లు తల్లిదండ్రుల హక్కుల మాట ఎత్తుతున్నారు. తన పదహారేళ్ల కూతురు ఈ నవల చదవవచ్చని అనుకున్న తల్లి కూడా యూటాలోనే ఉంది. ఆమె జిల్లా ఏ పుస్తకాన్నీ తీసేయమని అడగలేదు. ఎక్కడో మూడు బోర్డులు తేల్చిన మాటకు ఆమె హక్కు ఎందుకు పోవాలి? యూటా శాసనసభ్యులు మూడు జిల్లాల నిబంధనను వెంటనే ఎత్తేయాలి. అది చేతకాకపోతే తల్లిదండ్రుల పేరు చెప్పుకోవడం మానుకోవాలి.